నాలుగో పాటలో రుక్సానా గొంతు

నాలుగో పాట మొదటి చరణం దగ్గర తెగిపోయి, ఆ క్యాసెట్‌ను దొంగిలించిందని వాడంతా నమ్మిన రుక్సానా గొంతు అందులోంచే వినిపించేసరికి రోజారాణి చేతిలోని గుడ్డ జారి కిందపడింది.

"నాగరాజన్నా, మీరు నింపి పంపిన మాటలు ఇన్న," అంటోంది ఆ గొంతు. పదిహేనేళ్ల పిల్ల గొంతు. భయపడుతోంది, అయినా తడబడటం లేదు. "నేను మిమ్ముల అన్న లెక్కనే చూసిన. ఇంకోటి అనుకోలే. మీ మాటల మీదనే నా మాటలు నింపుతున్న. క్యాసెట్ రోజాది, మీ చేతికే ఇస్త, దానికియ్యిన్రి. మీరు ఫికర్ చెయ్యకున్రి, ఎవ్వలకు చెప్ప. ఖుదా కసమ్."

టక్కుమని చప్పుడు. మళ్లీ పాట, ఈసారి రెండో చరణం మధ్యలోంచి.

రోజారాణి కరీంనగర్ నుంచి బెల్లంపల్లి వచ్చింది అన్నకు సాయం చేయడానికి. నాగరాజు గని క్వార్టర్ ఖాళీ చేసి సొంతింటికి మారుతున్నాడు. అటక మీది రేకు పెట్టెలో, అన్న పాత ప్యాంట్ల అడుగున వదినకు ఆ క్యాసెట్ దొరికింది. లేబుల్ మీద చిన్నప్పుడు తాను గోళ్ల రంగుతో రాసిన "రో" ఇంకా చెరగలేదు. చూడగానే రోజారాణి దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇన్నేళ్లూ ఇంట్లోనే ఉందా ఇది? ఇంకా పాడుతుందో లేదో చూద్దామని పాత టేప్‌రికార్డర్ దుమ్ము తుడిచి పెట్టింది.

ఆ క్యాసెట్ కొన్న ఏడు ఏ పెండ్లి పందిట్లో చూసినా అవే పాటలు. ఆ పాటలున్న సినిమాను బడిలో తన నేస్తం రుక్సానాతో కలిసి మూడుసార్లు చూసింది. ఏ పాట వెనక ఏ పాట వస్తుందో ఇద్దరికీ నిద్రలో లేపినా తెలుసు. క్యాసెట్ పోయాక మాత్రం టీవీలో ఆ పాట మొదలైతే చాలు, రోజారాణి చానల్ మార్చేసేది.

రుక్సానా తండ్రి వాహెద్‌కు బజారులో రికార్డింగ్ సెంటర్ ఉండేది. దుబాయ్ పోయినవాళ్లకు ఉత్తరం రాయడం రాని తల్లులు, పెండ్లాలు అక్కడికొచ్చి మైకు ముందు కష్టసుఖాలు చెప్పుకునేవారు. మాటలు అయిపోగా మిగిలిన టేపు మీద వాహెద్ సినిమా పాటలు నింపి పంపేవాడు. కంపెనీ క్యాసెట్ల మీద మామూలుగా ఏదీ నింపలేం. వెనకంచున ఉన్న చిన్న గుంటలో కాగితం కుక్కితే నిండుతుంది. ఆ కిటుకు వాడలో పిల్లలందరికీ తెలుసు. రోజారాణి క్యాసెట్ తిప్పి చూసింది. గుంటలో సిగరెట్ పెట్టె వెండి కాగితం.

"రుక్సానా ఇంట్ల చూసిన" అని క్యాసెట్ కనబడకుండా పోయిన నాడు చెప్పింది అన్నే. మర్నాడు బడిలో అందరి ముందూ రోజారాణి రుక్సానా చెంప పగలగొట్టింది. తల్లి లింగవ్వ వాహెద్ దుకాణం ముందు నిలబడి శాపనార్థాలు పెట్టింది. వాహెద్ కూతుర్ని బడి మాన్పించాడు. నెల తిరక్కుండానే సెంటర్‌కు తాళం వేసి కరీంనగర్ వెళ్లిపోయాడు.

పోయినేడాది రోజారాణి జాకెట్ కుట్టించుకుందామని వెళ్లిన కొట్టులో మిషను ముందు రుక్సానా కూర్చుని ఉంది. గుర్తుపట్టింది. బట్ట వెనక్కి తోసింది. "మీ సామాన్లు నా దగ్గర వద్దు బాయీ. రేపు మాయమైతే నా మీదికొస్తది." రోజారాణి కొట్టు బోర్డు మీది నంబరు ఫోన్లో ఎక్కించుకుంది గాని ఒక్కసారీ చేయలేకపోయింది.

మొదటి షిఫ్టు దిగి నాగరాజు లోపలికొచ్చాడు. "ఏందే, పాత పాటలు వెట్టినవ్? బువ్వ అయిందా?"

రోజారాణి టేపు వెనక్కి తిప్పి మీట నొక్కింది. 'నాగరాజన్నా' అనే మాట వినగానే అతను మీట మీదికి చెయ్యి చాచాడు.

"బంద్ చెయ్యి. చిన్నతనం ముచ్చట, ఇప్పుడు తవ్వుడెందుకు?"

"నువ్వు రోజూ బొగ్గు తవ్వుతవ్. నేను ఒక్కనాడు గిది తవ్వుత."

"జర మెల్లగ. మీ వదినకు ఇనబడ్తది."

"దాన్ని దొంగను చేసినప్పుడు మెల్లగ చెప్పినవా? గంతమంది ముందట కొట్టిన అన్నా! అది ఒక్క మాటనలే. నీ పేరు సుత తియ్యలే."

"తియ్యొద్దని నేను చెప్పిన్నా?"

ఆ మాటతో రోజారాణికి ఒళ్లు మండింది. ఫోన్ తీసి నంబరు నొక్కింది. అవతల మిషను చప్పుడు. "హలో, ఎవరు?"

"రుక్సానా, నేను రోజాను."

మిషను ఆగింది. "మీ బట్టలేం లేవు నా దగ్గర."

"పెట్టెయ్యకు. నీ కాళ్లు మొక్కుత. మా అన్న మాట్లాడ్తడు." స్పీకర్ నొక్కి ఫోన్ అన్న ముందు పెట్టింది. "నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా? నేను చెప్తే వాడంత ఇంటది."

వదిన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాగరాజు ఆమె వంక ఒకసారి చూసి మంచం అంచున కూలబడ్డాడు. ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు.

"నాగరాజును. రోజా క్యాసెట్ తీసుకొని నా మాటలు నింపి నీకు పంపింది నేనే, నువ్వు తిరిగి నా చేతిల్నే పెట్టినవ్. నీ మాటలు చెరుపుదామని మీట మీద వేలు పెట్టిన, బుద్ధి పుట్టలే. నన్ను అన్న అన్నవని మండింది, అయినా నీ గొంతుల నా పేరున్నది గద, ఉంచుకుందామనుకున్న. రోజాకిస్తే ఇంటది. ఇయ్యకుంటే ఇంట్ల లొల్లి. అవ్వ నిలదీసింది, నోటికి నీ పేరొచ్చింది... కాదు. ఆలోచించే చెప్పిన. వేరేటోళ్ల పేరు చెప్తే కొట్లాటకొస్తరు, అసలు సంగతి గుంజుతరు. నువ్వు ఎవ్వలకు చెప్పనని కసమ్ తిన్నవ్. నువ్వు నోరిప్పవని ఎరుకుండబట్టే నీ పేరు చెప్పిన రుక్సానా."