బరాకో మొరగని శుక్రవారం

పెర్పెత్వా చెవులు పూర్తిగా పోలేదు. ఎదురుగా నిలబడి మాట్లాడితే సగం మాటలు వినబడేవి, మిగతా సగం పెదవులు చూసి పోల్చుకునేది. తాయ్‌తాయ్ ఊళ్లో ముప్పై రెండేళ్లు కుట్టుమిషన్ల మధ్య కూర్చున్నవాళ్లెవరికీ చెవులు సరిగా ఉండవు. అయితే గేటు బయట నిలబడిన మనిషి పిలుపు మాత్రం ఆమె దాకా వచ్చేది కాదు.

ఆ వీధిలో ఎంత దగ్గరివాళ్లైనా గేటు తోసుకుని లోపలికి రారు. బయటే ఆగి, "మనిషినండీ" అని పిలుస్తారు. రెండోసారి పిలుస్తారు, మూడోసారి పిలుస్తారు. పలక్కపోతే ఇంట్లో లేరనుకునో, రావద్దనుకుంటున్నారనుకునో వెనక్కి పోతారు. పెర్పెత్వా ఇంట్లో ఆ పిలుపు అందుకునేది బరాకో. కాఫీరంగు కుక్క, ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలిపోయి ఉంటుంది. వాడి మొరుగుడు ఆమెకు బాగా వినబడేది. చెవికన్నా ముందు గుండెకు తగిలేది.

పక్కింటి మేడగదిలోకి రిజ్లిన్ అనే అమ్మాయి అద్దెకు దిగాక చిక్కొచ్చింది. ఎక్కడో దూరదేశాల వాళ్ల ఫోన్లకు రాత్రంతా జవాబు చెప్పే ఉద్యోగం ఆ పిల్లది. నిద్రపోవాలంటే పగలే పోవాలి. రెండు నెలలు ఓర్చుకుని, పేట తగవులు తీర్చే బరంగాయ్ హాలులో ఫిర్యాదు రాసిచ్చింది. పెద్దమనిషి మాంగ్ టినోయ్ ఇద్దరినీ పిలిచి ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టాడు.

"మీ మీద పగేం లేదు లోలా," అంది రిజ్లిన్, సొంత అమ్మమ్మను పిలిచినట్టే పిలిచి, ముసలామె మొహంలోకి చూస్తూ. "తాహో పాయసం అమ్మేవాడొస్తే మొరుగుతాడు. కరెంటు బిల్లు తెచ్చినాయనొస్తే మొరుగుతాడు. పిల్లి తుమ్మితే మొరుగుతాడు. నేనెప్పుడు పడుకోవాలి చెప్పండి."

"వాడు నా కోసమే మొరుగుతాడు తల్లీ."

"నాకు తెలుసు. అందుకే ఇది తెచ్చా." సంచిలోంచి నల్లటి మెడపట్టీ తీసింది. ముందువైపు అగ్గిపెట్టెంత డబ్బీ ఉంది. "మొరిగితే మొదట కీచుమంటుంది. ఆపకపోతే గజగజమని వణుకుతుంది. మూడోదానికి కరెంటు తగులుతుందట, అది నేను ఆపేశా. నా చేతికి పెట్టుకుని చూశా కూడా. నొప్పి లేదు, చక్కిలిగిలి."

మాంగ్ టినోయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మా ఆవిడకు సరిపోయే సైజు దొరుకుతుందా?"

వెనక బల్ల దగ్గర కాగితాలు సర్దుతున్న ఆయన భార్య తలెత్తలేదు. "తెప్పించు. ముందు నువ్వు కట్టుకుని ఎలా ఉందో చెప్పు. నిన్న రాత్రి పెట్టిన గురకకు ఈపాటికి బ్యాటరీ అయిపోయేది."

అందరూ నవ్వారు. అందరూ నవ్వుతున్నారు కదా అని పెర్పెత్వా కూడా నవ్వింది. ఒప్పందం ఏమిటంటే, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా బరాకో మెడకు పట్టీ ఉండాలి. కాదంటే కుక్కను వేరే చోటికి పంపెయ్యాలి. ఆ రెండో మాట మాంగ్ టినోయ్ నోటివెంట పూర్తిగా రాకముందే ఆమె సంతకం పెట్టేసింది.

మొదటి రోజు బరాకో పట్టీ వణికినప్పుడల్లా తన వెనక ఎవరో ఉన్నారేమోనని గిర్రున తిరిగాడు. రెండో రోజు మంచం కిందికి దూరాడు. మూడో రోజుకు నేర్చుకున్నాడు. నోరు తెరిచేవాడు, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి మూసుకునేవాడు. చూసినప్పుడల్లా పెర్పెత్వా పట్టీ కింద వేలు దూర్చి వాడి మెడ నిమిరేది. కానీ రిజ్లిన్ కళ్ల కింద నలుపు తగ్గిన మాటా నిజమే. సాయంత్రాలు గోడ మీంచి చెయ్యూపేది.

ఆ వారమే సాలింగ్ ఊరు విడిచి వెళ్తోంది.

సాలింగ్, పెర్పెత్వా పక్కపక్క మిషన్ల మీద కుట్టినవాళ్లు. ఒకరి టిఫిన్ గిన్నెలో ఇంకొకరు తిన్నవాళ్లు. ఇప్పుడు సాలింగ్ మోకాళ్లు పోయాయి. మస్బాతె దీవిలో మేనల్లుడి దగ్గర ఉండబోతోంది. వ్యానులో రేవుదాకా, అక్కణ్ణుంచి పడవ. డెబ్బై నాలుగేళ్ల మనిషి ఆ దారిన మళ్లీ వెనక్కి రాదని ఇద్దరికీ తెలుసు.

"శుక్రవారం సాయంత్రం ఐదింటికి వస్తా," అంది సాలింగ్ ఆదివారం చర్చి మెట్లమీద, చెవిలో అరుస్తూ. "గేటు దగ్గర పిలుస్తా. గురకపెట్టి పడుకున్నావంటే నా చేతిలో అయిపోయావే."

"పడుకుంటే బరాకో లేపుతాడులేవే."

పెర్పెత్వా జీవితంలో ఒక్క వీడ్కోలూ సరిగా జరగలేదు. తల్లి ఓడెక్కిన రోజు ఈమె రేవుకు చేరేసరికి ఓడ నడినీళ్లలో ఉంది. భర్త డెల్ఫిన్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, గంజి తెమ్మన్నాడని కిందికి దిగింది. గంజి వేడిగానే ఉంది, పైకొచ్చేసరికి ఆయన లేడు. అప్పట్నుంచి ఎవరైనా గుమ్మం దాటుతుంటే ఆమె చేతిలో పని వదిలేసి వెంట వస్తుంది. ఈ ఒక్కటైనా సరిగా చెయ్యాలి. సాలింగ్‌ని గట్టిగా పట్టుకోవాలి. దారిబత్తెం చేతికివ్వాలి. వ్యాను మలుపు తిరిగేదాకా నిలబడి చూడాలి. అంతే ఆమె కోరిక. పద్దెనిమిది రోజుల ముందే డజను బాతుగుడ్లు ఉప్పునీళ్లలో వేసి పెట్టింది. గురువారం ఉడికించి, ఎర్రరంగు అద్ది, బుట్టలో గడ్డి పరిచి సర్దింది.

శుక్రవారం పదకొండు గంటల వేళ ఆమె పెరట్లో బట్టలుతుకుతోంది. సాయంత్రానికి ఇల్లు శుభ్రంగా ఉండాలని దుప్పట్లు కూడా తడిపేసింది. బరాకో పరుగున వచ్చి ఆమె గౌను అంచు ముక్కుతో పొడిచాడు. ఆమె వాణ్ణి మోచేత్తో నెట్టింది. వాడు ముందు గదిలోకి పరుగెత్తి, తిరిగొచ్చి, ఈసారి గౌను పళ్లతో పట్టి లాగాడు.

"అబ్బ, ఆగరా. అన్నం ఇంకా పొయ్యెక్కలేదు," అని సబ్బు చేత్తోనే ముక్కుమీద ఒకటి తట్టింది.

వాడు గేటువైపు మొహం తిప్పుకుని నిలబడ్డాడు. నోరు తెరిచాడు, మూసుకున్నాడు. తర్వాత పెరటి గుమ్మంలో పడుకున్నాడు.

నాలుగింటికి పట్టీ తీసి, గుడ్ల బుట్ట ఒళ్లో పెట్టుకుని గేటు దగ్గరికి కుర్చీ లాక్కుంది. అప్పుడు కనబడింది, గేటు బయటి కడ్డీకి వేలాడుతున్న సంచి. లోపల తీపి అన్నం అరిటాకుల్లో చుట్టి ఉడికించిన సుమాన్ పొట్లాలు. అప్పటికే చీమలు పట్టాయి. పొట్లాలన్నీ కలిపి ఒక పాత గుడ్డ పీలికతో కట్టి ఉన్నాయి. రెండు చుట్లు, పక్కకు లాగిన ఒక ముడి. కత్తిరించిన గుడ్డల కట్టలు మిషను దగ్గరికి అలా కట్టే వచ్చేవి. అలా ఎడమచేత్తో ముడివేసే మనిషి ఒక్కతే ఉంది.

ఆమె గేటు తీసి వీధి చివరిదాకా చూసింది. ఒక సైకిలు, ఆరేసిన బట్టలు, అంతే. ఐదింటిదాకా అక్కడే కూర్చుంది. చేతిలో ముడి ఉన్నా సరే, ఐదింటికి వస్తానంది కదా అని కూర్చుంది.

తడిజుట్టుతో డ్యూటీకి బయల్దేరిన రిజ్లిన్ ఆమెను చూసి ఆగింది.

"లోలా, పొద్దున మీరు ఇంట్లోనే ఉన్నారా?"

"ఎక్కడికి పోతాను తల్లీ."

ఆ పిల్ల ముందుకొచ్చి, పెదవులు కనబడేలా వంగి నెమ్మదిగా చెప్పింది. "ఒక పెద్దావిడ వచ్చింది. బయట వ్యాను ఆగింది. డ్రైవరు తొందరపెడుతున్నాడు, సాయంత్రం పడవ లేదంట, మధ్యాహ్నందే పట్టుకోవాలంట. ఆమె చాలాసార్లు పిలిచింది లోలా. ఆరుసార్లో ఏడుసార్లో. నాకు అప్పుడే కన్నంటుకుంటోంది. మీరు లేరేమో, పోతుందిలే అనుకున్నా. దిండు తలమీద పెట్టుకున్నా."

"ఇంకేమంది?"

"మీ కుక్కతో మాట్లాడింది. 'ఏరా, నువ్వు కూడా నాతో మాటలు మానేశావా' అంది."

పెర్పెత్వా ఆ పిల్ల పెదవులే చూస్తూ ఉంది, ఇంకా ఏమైనా ఉందేమోనని. ఇంకేమీ లేదు.

సాలింగ్ మేనల్లుడి నంబరుకు రిజ్లిన్ తన ఫోనులోంచి అప్పుడే కబురు పెట్టింది. పెర్పెత్వా ఇంట్లోనే ఉందని, పెరట్లో ఉందని, వినబడలేదని. జవాబు మూడో రోజున వచ్చింది. రిజ్లిన్ చదివి వినిపించకుండా ఫోను ఆమె చేతికే ఇచ్చింది. 'చేరాం. కుక్కకు ఒంట్లో బాగాలేదా అని అత్త అడుగుతోంది.'

"ఏం రాయమంటారు?"

పెర్పెత్వా ఫోను తిరిగి ఇచ్చేసింది. "బాగానే ఉన్నాడని రాయి."

పట్టీని రిజ్లిన్ తనే వెనక్కి తీసుకుంది. చెవుల్లో పెట్టుకునే దూది లాంటివేవో కొనుక్కుంది. మాంగ్ టినోయ్‌కి తనే చెప్పుకుంది. కానీ మెడ ఖాళీ అయినా బరాకో మొరగలేదు. తాహో అమ్మేవాడు వచ్చాడు, వెళ్లాడు. పిల్లి గోడమీద నడిచింది. వాడు నోరు తెరవడం, ఆగడం, మూసుకోవడం. అంతే.

ఒక సాయంత్రం పెర్పెత్వా తన ఇంటి గేటు తనే వేసుకుని వీధిలో నిలబడింది. "మనిషినండీ," అంది. బరాకో కడ్డీల మధ్య నుంచి చూసి తోకాడించాడు. ఆమె గొంతు పెంచింది. "మనిషినండీ." వాడు సంతోషంగా వెల్లకిలా పడుకున్నాడు.

పై కిటికీ తెరుచుకుంది. రిజ్లిన్ ఏదో అని, ఆమెకు వినబడదని గుర్తొచ్చి, కిందికి దిగొచ్చింది. "మిమ్మల్ని చూసి వాడెందుకు మొరుగుతాడు లోలా? మీరు వాడికి బయటిమనిషా? లోపలికెళ్లండి, నేను పిలుస్తా."

"వాడు మొరక్కపోతే?"

"రేపు పిలుస్తా. ఎల్లుండి పిలుస్తా. నాకు గొంతుతోనేగా ఉద్యోగం."

పెర్పెత్వా పెరట్లోకి వెళ్లి బట్టలుతికే పీటమీద కూర్చుంది. ఖాళీ తొట్టిలో చేతులు పెట్టుకుని ఎదురుచూసింది. ఆమెకు ఏమీ వినబడలేదు. వీధి లేనట్టే ఉంది, ఊరు లేనట్టే ఉంది.

చాలాసేపటికి గౌను అంచు కదిలింది. బరాకో ముక్కుతో పొడిచాడు. ముందు గదిలోకి వెళ్లి, తిరిగొచ్చి, పళ్లతో పట్టి లాగాడు.

ఈసారి ఆమె వాణ్ణి నెట్టలేదు. మోకాళ్లమీద చేతులానించి లేచింది. గేటు దగ్గర ఉన్నది ఎవరో ఆమెకు తెలుసు. ఎవరు కాదో కూడా తెలుసు. పొడిగానే ఉన్న చేతులు గౌనుకు తుడుచుకుంది.

"పదరా," అంది, "ఎవరొచ్చారో చూద్దాం."