ఎర్ర గీత పైకి

భిక్షపతికి కోపం వస్తే ఎదుటివాడి ఫోను ఎత్తడు. అంతకు మించిన కక్ష అతనికి చేతకాదు. కొంప మునగడానికి ఆ ఒక్కటే చాలింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కంప్యూటర్ సెంటర్లో హార్డ్‌వేర్ పాఠాలు చెప్పేవాడు, మన్సూరాబాద్‌లో కిరాయికి ఉండేవాడు. సొంతూరు నల్గొండ పక్క పల్లె. తండ్రి జంగయ్య డప్పు పట్టాడంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా చేతిలో పని వదిలి చెవొగ్గేవాళ్లు. ఆ జంగయ్య పోయాడు. పోయాక వెతికితే ఆయన డప్పు చప్పుడు ఒక్క క్యాసెట్‌లో లేదు, ఒక్క సెల్‌ఫోన్‌లో లేదు. కొడుకు చెవుల్లో తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఆ చప్పుడును మళ్లీ పుట్టించాలని పట్టుబట్టాడు మహానుభావుడు. దానికి తోడు దొరికినవాడు మల్లికార్జునరావు. తెనాలి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్న ఫిజిక్స్ లెక్చరరు. ఇద్దరిదీ ఒకటే పిచ్చి, మాడ్యులర్ సింథసైజర్. అంటే ఏమీ లేదు, అలమరంత చెక్క పెట్టె, దాన్నిండా పలకలు. ఒక పలక మోత పుట్టిస్తుంది, ఫిల్టరనే పలక ఆ మోతను వడకడుతుంది, ఇంకొకటి దాన్ని ఎప్పుడు లేపాలో ఎప్పుడు ఆపాలో చూస్తుంది. వాటిని వైర్లతో కలిపితేనే నోరు పెగులుతుంది. కొన్న పలకను కొన్నట్టు వాడితే వీళ్లిద్దరికీ అన్నం సయించదు. విప్పాలి, లోపల ఏదో మార్చాలి, పాత రేడియో నాబ్ తెచ్చి దానికి తగిలించాలి. రావు గారి మేడమీద గదిలో ఆదివారమంతా అదే పని. కింద నుంచి ఆయన భార్య భోజనానికి పిలిచి పిలిచి విసిగిపోయేది.

భిక్షపతి సొంతంగా చేసిన పలక పేరు 'జంగయ్య'. పేరు పెయింటుతో రాసిపెట్టాడు కూడా. రెండేళ్లు దాని మరలు వెంట్రుకవాసి తిప్పుతూ, కళ్లు మూసుకుని వింటూ, కాదంటూ, మళ్లీ తిప్పుతూ గడిపాడు. గడ్డిమంట మీద డప్పు కాచినట్టు దాన్నీ కాసేపు వేడెక్కనివ్వాలి. రావు గారి ఫిల్టరు గుండా పోనిచ్చాక ఒకనాడు అది మోగింది. భిక్షపతి గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"గిదే సారూ, గిదే! మా అయ్యనే!"

రావు గారు కళ్లద్దాలు తుడుచుకుని, "ఇంక దాన్ని ముట్టుకోకు" అన్నాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ప్రతి పలక వెనకాలా కరెంటుకు ఒక పట్టీ వైరు ఉంటుంది. దానికి ఒక అంచున ఎర్ర గీత. రావు గారి పలకలన్నిటికీ ఆ గీత పైకి ఉండాలి, లోకంలో అందరికీ అంతే. భిక్షపతి ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నవాడు, మొదట్లోనే తిరగేసి అలవాటు చేసుకున్నాడు. అందుకే అతను చేసిన జంగయ్యకు గీత కిందికి. తిరగబడితే రెప్పపాటులో పలక మాడిపోతుంది. అందుకే ఇద్దరూ ఒక నియమం పెట్టుకున్నారు. స్విచ్ దగ్గరున్నవాడు "వేద్దామా?" అనాలి. రెండోవాడు వెనక్కి వెళ్లి చూసి "వెయ్యి" అనాలి. ఆ మాట పడకుండా ఆ గదిలో ఎవడూ స్విచ్ నొక్కలేదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె రోజులొచ్చాయి. బస్సుల్లేవు, బళ్లు లేవు, ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రోజూ జెండాలే. ఉద్యమ పాటల సభ, ధూంధాం పెడుతున్నామని, పెట్టె తెమ్మని, రావు గారింట్లో ఆ చప్పుడు ఒకసారి విన్న మన్సూరాబాద్ కమలాకర్ అడిగాడు. కమలాకర్‌ది అక్కడి పాత పట్టేదార్ల కుటుంబం, ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం, కొత్తగా ఉద్యమం. భిక్షపతి ఉబ్బిపోయాడు. తండ్రి చప్పుడు వేలమంది వింటారు, ఇంకేం కావాలి?

రావు గారు మాత్రం ముఖం ముడుచుకున్నాడు. "పెట్టెని రాజకీయాల్లోకి ఎందుకయ్యా లాగడం? అయినా ఈ రాష్ట్రాలు విడిపోవడాలు జరిగేవి కావులే."

"జరుగుద్దో జరగదో మీరెట్ల చెప్తరు సారూ? మా అయ్య డప్పు మా సభల మోగొద్దా?"

"మీ అయ్య డప్పేంటి? నా ఫిల్టరు తీసేస్తే అది ఈగల మోత!"

నోరు జారిందని ఆయనకు వెంటనే తెలిసింది. కానీ జారిన మాటను వెనక్కి తీసుకునేంత వినయం లెక్చరర్లకు ఎక్కడిది? భిక్షపతి లేచి నిలబడ్డాడు. అన్నేళ్లలో మొదటిసారి 'నువ్వు' అన్నాడు. "నీ ఫిల్టర్ నువ్వే పెట్టుకో. నాయి నాకు పంపు."

రెండు రోజులు పోయాక అట్టపెట్టె ఆటోలో వచ్చింది. అన్నీ పాత గుడ్డల్లో పదిలంగా చుట్టి ఉన్నాయి. అడుగున రావు గారి ఫిల్టరు కూడా ఉంది. చూడగానే భిక్షపతికి ఒళ్లు మండింది. "బిచ్చమేస్తున్నడా నాకు!" అనుకున్నాడు. ఆ పొద్దుట్నుంచీ ఫోను మోగుతూనే ఉంది. రావు గారి పేరు కనబడినప్పుడల్లా కట్ చేశాడు.

సాయంత్రం సభ. కొత్త పెట్టెలో పలకలు బిగించాడు. ఫిల్టరు లేనిదే చప్పుడు రాదు కాబట్టి తిట్టుకుంటూ దాన్నీ పెట్టాడు, ఎర్ర గీత పైకి. జంగయ్యకు మాత్రం చేతి అలవాటుకొద్దీ గీత కిందికి పెట్టాడు. జనరేటర్ ఆన్ చేశారు. స్విచ్ మీద వేలు పెట్టాక అలవాటుగా, "వేద్దమా?" అన్నాడు.

వెనకాల ఎవరున్నారు చెప్పడానికి? కమలాకర్ మనుషులు, "ఎయ్యన్నా, జల్ది!" అని అరిచారు. వేశాడు.

చిటపటమంది. జంగయ్య పలక సందుల్లోంచి సన్నగా పొగ, మాడిన వాసన. ఎంత తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. జనం ఈలలు వేశారు. భిక్షపతికి తల కొట్టేసినట్టయింది. కమలాకర్ వచ్చి, "ఏందే, ఏమైంది?" అని భుజం కుదిపాడు.

"గా సారే... ఏదో ఖరాబ్ చేసి పంపిండు" అనేశాడు భిక్షపతి.

కమలాకర్‌కు అంతకన్నా ఏం కావాలి! మైకు లాక్కున్నాడు. "సూశిన్రా? మన జంగయ్య డప్పును ఆంధ్రోడు కాలబెట్టిండు!" అని మొదలుపెట్టాడు. అప్పుడే మళ్లీ ఫోను మోగింది. ఈసారి తిట్టడానికి ఎత్తాడు భిక్షపతి. తిట్టు నోట్లోంచి రాకముందే అవతలి గొంతు ఆత్రంగా అందుకుంది.

"హమ్మయ్య, ఎత్తావా! కోపం ఉంటే తర్వాత తిట్టు, ముందు ఇది విను. నీ పెట్టెలో ఇంకెప్పుడూ ఏదీ మాడకూడదని జంగయ్య వెనకాల వైర్లు మార్చేశాను. ఇప్పుడు దానికీ ఎర్ర గీత పైకే. చెబుదామంటే నువ్వు ఎత్తవు. నన్ను అడక్కుండా స్విచ్ వెయ్యవులే అని ధైర్యంగా ఉన్నాను. వెయ్యలేదు కదూ?"

మైకులో మల్లికార్జునరావు పేరు, ఆయన కాలేజీ పేరు, ఆయన వీధి పేరు ఖంగుమంటున్నాయి.

"భిక్షపతీ... అది నా పేరేనా?"

"సారూ..." అన్నాడు. లైను తెగిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఆయన ఎత్తలేదు.

సమ్మె ముగిశాక ఫిల్టరు గుడ్డలో చుట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాడు. మేడమీద కిటికీకి అద్దం లేదు, అట్టముక్క కట్టి ఉంది. రావు గారి భార్య గేటు తీయలేదు. ఊచల్లోంచే చెయ్యి చాపి మూట అందుకుంది.

"సార్‌తోని ఒక్క మాట మాట్లాడుతా అమ్మా."

"పెట్టె తూకానికి అమ్మేశారు బాబూ. ఇంక మాట్లాడటానికి ఏముంది మీకు?" అని లోపలికి వెళ్లిపోయింది.

మాడిన పలకను విప్పితే లోపల రావు గారి చేతి అతుకులు కనబడ్డాయి, ఒక్క చుక్క సీసం అటూ ఇటూ కారకుండా. కొత్త పలక చేద్దామని భిక్షపతి మళ్లీ కూర్చున్నాడు. మరలు తిప్పాడు. కళ్లు మూసుకుని చెవుల్లో ఉన్న చప్పుడుతో పోల్చి చూడబోయాడు. అప్పుడు తెలిసింది అసలు నష్టం. రెండేళ్లు పొద్దస్తమానం విన్నది ఆ పెట్టెనే కదా! ఇప్పుడు చెవుల్లో మోగుతున్నది కన్నతండ్రి డప్పో, మాడిపోయిన పలకో అతనికే తేలడం లేదు. వేలు స్విచ్ మీద పెట్టుకుని, "గిదేనా సారూ?" అని ఖాళీ గదిని అడిగాడు.