తాళం వేసిన ఇల్లు

ఒక్క ఓటు! బడిలో రెండుసార్లు లెక్కపెట్టి ఆఫీసరు ఆ మాటే చెప్పాడు. సర్పంచి పోటీలో నిరోష వాళ్లమ్మ మంజులత, శ్యామలమ్మ చేతిలో ఓడిపోయింది. ఒకే ఒక్క ఓటుతో!

ఎలా ఓడుతుంది? నెల రోజులుగా నిరోష ల్యాప్‌టాప్‌లో ఎన్నికల ఆట పెట్టుకుని ఊరినంతా అందులోకి ఎక్కించింది. మర్రిగూడ పక్కన పత్తిచేన్ల నడుమ ఉన్న ఊళ్లో రెండు వందల ఇళ్లుంటే, ఆటలోనూ రెండు వందల ఇళ్లే. అభ్యర్థి పోయి ఓటడిగితే ఇంటికి మార్కులు పెరిగి ఆకుపచ్చగా మారుతుంది. అడగకపోతే రోజురోజుకూ మార్కులు తగ్గి ఎర్రబడుతుంది, ఓటు అవతలివాళ్లకు పోతుంది. ఇంతే దాని రూలు. ఎర్ర ఇల్లు కనబడితే చాలు, నిరోష వాళ్లమ్మను తరిమేది. మంజులత కుంకుమ భరిణె పట్టుకుపోయి, ముత్తైదువలకు బొట్టు పెట్టి, ఉంగరం గుర్తుకు ఓటడిగి వచ్చేది.

ఒకనాడు తమ ఇల్లే ఎర్రబడింది. నిరోష పడీపడీ నవ్వింది. సొంతింట్లో ఎవరైనా ఓటడుగుతారా? ఆటకు బుర్ర లేదనుకుని, తమ ఇంటికి వంద మార్కులు తనే వేసేసి, ఇక తగ్గకుండా తాళం కూడా వేసింది. మహా తెలివి!

ఇంటికి రాగానే మంజులత అరుగు మీద కూలబడింది.

"పేరు పేరున అడిగిన గదనే. ఎవలు ముంచిండ్రు?"

నిరోష నాయనమ్మ గుర్వమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. కోడలికి అందించబోయి వంగితే తల మీది కొంగు జారింది. నుదుట ఎర్రగా, గుండ్రంగా బొట్టు! తాత పోయి పన్నెండేళ్లయింది.  నిరోష దగ్గరికొచ్చి ఆ బొట్టునే చూసింది.

"అవ్వా! ఎవలు పెట్టిండ్రే?"

"శ్యామలమ్మ. మొన్న మన పత్తి చెలకకాడికొచ్చింది. మొగడు లేనిదాన్ని, నాకొద్దు బిడ్డా అన్న. నువ్వు మనిషివి గావా పెద్దమ్మా అని పెట్టింది. మీ తాత పోయినంక నా నొసలు ముట్టినోళ్లు లేరు. ఇయ్యాల ఓటుకు పొయ్యేముందు నేనే దిద్దుకున్న. గామెకే ఏసిన."

అప్పుడే అందుకున్న చెంబు మంజులత చేతిలోంచి జారి నీళ్లన్నీ ఒలికిపోయాయి.

"అత్తమ్మా! నాకన్న ఆమె ఎక్కువైందా?"

"నువ్వడుగుతవనే ఎదురుసూసిన మంజులా. భరిణె పట్టుకొని రోజూ నా ముంగల్నుంచే పోయినవ్."

ఆ ఒక్క ఓటు ఇటు పడి ఉంటే అమ్మ గెలిచేది. ఆట ఎర్రగా చూపించి మరీ చెప్పింది, తనే దాని నోరు మూసింది. సిగ్గుతో నిరోష తలెత్తలేకపోయింది.

మంజులత లేచింది. భరిణె మూత తీసి అత్త దగ్గరికి నడిచింది. గుర్వమ్మ కొంగు మళ్లీ తల మీదికి లాక్కుంది.

"ఇప్పుడెందుకు బిడ్డా? ఓట్లయిపాయె గద," అంది.