సున్నా నుంచి లెక్క

మూడు పొడుగు కూతలు, ఒక్కటి కూడా పొట్టిది లేదు, అంటే ఏదో చెబుతోంది, ఊరికే అరవడం లేదు, చంటిపిల్లకు ఆకలి ఏడుపు వేరు, నిద్ర ఏడుపు వేరు అయినట్టు ఈ పెట్టెకూ ఉంటాయేమో, మళ్ళీ మీట నొక్కాను, మళ్ళీ మూడే, తెర నల్లగానే ఉంది, గని ఆఫీసులో పాత సామాను వేలం వేసినప్పుడు మా ఆయన మోసుకొచ్చిన కంప్యూటర్ ఇది, భోజనాల బల్ల సగం ఆక్రమించింది, మిగతా సగంలో తినగా మిగిలిన మొక్కజొన్న పిండి న్షిమా ముద్ద, కపెంటా చేపల వేపుడు, ఆదివారం ఒంటిగంట అయింది, నాలుగింటికి మా వీధిలో కరెంటు పోతుంది, మా గనుల ఊరు కిట్వేలో ఈ నెలంతా అదే వరుస, రేపు పొద్దున స్టడీ సెంటర్‌లో నా మొదటి ప్రోగ్రామ్ ఇవ్వాలి, ఇవ్వకపోతే ఈ టర్ము పోయినట్టే, నలభై ఒకటో ఏట మొదలెట్టిన దూరవిద్య డిగ్రీ గడప దగ్గరే ఆగిపోతుంది, ఇంత తెలిసీ భయం వేయాలి కదా, వేయడం లేదు, ముందు ఆ మూడు కూతలేమిటో తెలుసుకోవాలని ఉంది.

బానా న్కాండు, నెత్తిమీద ఒక్కటిస్తే దారికొస్తుంది, మా గనిలో మోటార్లన్నీ అంతే, అంటూ మా ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చారు, మా అమ్మాయి న్కాండు పుట్టినప్పటి నుంచి నేను ఆయనకు బానా న్కాండునే, న్కాండు వాళ్ళమ్మని, ఆయన నాకు బాషి న్కాండు, న్కాండు వాళ్ళ నాన్న, సొంత పేర్లు ఎక్కడో అడుగున పడిపోయాయి, ఆయన భూమి కింద ఎలక్ట్రీషియన్, దేన్నయినా విప్పనిదే ఊరుకోరు, మీ మోటార్లకు నోరు లేదు బాషి న్కాండు, దీనికి ఉంది, కొట్టకండి, విప్పండి చాలు అన్నాను, పక్క రేకు ఊడదీస్తే లోపల ఎర్రటి గని దుమ్ము, స్టడీ సెంటర్ పుస్తకం చివరి పేజీలో మూడు పొడుగు కూతలంటే మెమరీ పలక సరిగ్గా కూర్చోలేదని రాసి ఉంది, ఇదేనా, దువ్వెనంత పలక, అడుగున బంగారు రంగు పళ్ళు, పళ్ళకు మసక పట్టింది, గుడ్డతో తుడిస్తే పోవడం లేదు, నా బడి సంచిలో పెన్సిల్ రబ్బరుంది, నేను పాఠం చెప్పే ఐదో తరగతి పిల్లల అంకెలు చెరిపి చెరిపి సగం అరిగిన రబ్బరు, దానితో రుద్దాను, పళ్ళు మెరిశాయి, గాడిలో పెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కితే టక్కుమంది, మీట వేస్తే ఈసారి ఒకే ఒక పొట్టి కూత, తెర తెల్లబడింది, రబ్బరుతోనా, అన్నారు ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఇరవయ్యేళ్ళుగా భూమి కిందికి ఇంత సంచీడు సామాను మోస్తున్నాను, రబ్బరు ముక్క చాలని ఒక్కడూ చెప్పలేదే.

తెర మూలన తేదీ, 2002 జనవరి ఒకటి, లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోతే ఇవి తమ మొదటి రోజుకు వెళ్ళిపోతాయట, దీనికి ఇంకా 2002, నాకు అప్పుడు పంతొమ్మిది, రాజధాని లుసాకాలో యూనివర్సిటీ, మొదటి సంవత్సరం, మెట్లమెట్లుగా ఉన్న పెద్ద హాలు, లెక్చరర్ నన్నే పిలిచాడు, బోర్డు మీద నాలుగు వరుసలు రాశాక సుద్దముక్క ఆగిపోయింది, పైమెట్ల నుంచి ఎవరో ఈల వేశారు, హాలంతా నవ్వింది, కూర్చో అన్నాడు, నేను కూర్చోలేదు, తిన్నగా బయటికి నడిచి ఆ సాయంత్రమే బస్సెక్కి ఇంటికొచ్చేశాను, ఏమైందని అడిగిన వాళ్ళందరికీ ఒకటే చెప్పాను, నాన్నను గని ఉద్యోగంలోంచి తీసేశారు, చదువు ఆగిపోయింది, నాన్న ఉద్యోగం పోయింది ఆ తర్వాత ఏడు నెలలకు, కానీ నెలలు ఎవరు లెక్కపెడతారు, తేదీ సరిచేశాను, బాణం గుర్తు ఒక్కో ఏడూ దాటుకుంటూ ఇరవై రెండు సార్లు నొక్కాల్సి వచ్చింది.

పెన్‌డ్రైవ్‌లోంచి ప్రోగ్రాములు రాసే పైథాన్ ఎక్కించాను, ఆకుపచ్చ గీత నత్తలా పాకింది, ఐదుగురు పిల్లల మార్కులకు సగటు కట్టే ప్రోగ్రామ్ అడిగారు స్టడీ సెంటర్‌లో, నా తరగతి పిల్లల మార్కులే వేశాను, 55, 62, 70, 48, చివరిబెంచీ ముంబికి 65, నడిపించగానే తప్పు అంది, మూడో వరుస అంది, వరుస కింద చిన్న బాణం కూడా గీసింది, చూస్తే అక్కడ రెండు చుక్కలు మరిచాను, పెట్టాను, మళ్ళీ తప్పు, ఐదో వరుస, అక్షరం తేడా, దిద్దాను, చిత్రంగా ఉంది, ఇన్నిసార్లు తప్పంటోంది, ఒక్కసారీ నా ఒళ్ళు ముడుచుకోలేదు, ఎక్కడో చెబుతుంది, అక్కడితో ఊరుకుంటుంది, ఈసారి జవాబు వచ్చింది, నలభై ఏడు.

వచ్చిందిగా, కట్టెయ్, అన్నారు ఆయన, ఉండండి, అందరిలో తక్కువ వచ్చినవాడికే నలభై ఎనిమిది, సగటు నలభై ఏడు ఎలా అవుతుంది, వేళ్ళమీద కడితే అరవై రావాలి, మరి ఇదెవరిని వదిలేసింది, ముంబిని తీసి కూడితే 235, ఐదుతో భాగిస్తే నలభై ఏడు, ముంబినే వదిలేసింది, ఎందుకు, పుస్తకం తిరగేశాను, ఇది ఒకటి నుంచి లెక్కపెట్టదు, సున్నా నుంచి మొదలెడుతుంది, పైగా నేను రాసినట్టు నాలుగు దాకా అంటే నాలుగుకు ముందే ఆగిపోతుంది, ఐదు అని మార్చాను, అరవై, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాన్ని సంచిలో వేశాను, ఇంకా నాలుగు కాలేదు.

ఆయన తెర వంకే చూస్తూ, మీ నాన్నను గనిలోంచి తీసేయకపోతే ఇదంతా అప్పుడే చదివేసేదానివి, అన్నారు, ఔనంటే సరిపోతుంది, పంతొమ్మిదేళ్ళ కాపురంలో ఎన్నిసార్లో అన్నాను, కానీ ఇప్పటిదాకా ఆయన ఎదుటే కూర్చుని ఇన్ని తప్పులు చేశాను, ఇంకొకటి చెప్తే ఏం, లేదు బాషి న్కాండు, నాన్న ఉద్యోగం పోకముందే నేను వచ్చేశాను, బోర్డు దగ్గర లెక్క రాలేదు, నవ్వారు, వచ్చేశాను, అన్నాను, ఆయన స్క్రూడ్రైవర్ బల్లమీద పెట్టారు, మన పెళ్ళయిన కొత్తలో యూనియన్ మీటింగులో లేచి నిలబడ్డాను గుర్తుందా, మా మామ పొట్ట కొట్టి ఒక ఆడపిల్ల చదువు చెడగొట్టారని అంతమంది ముందు అరిచాను, అన్నారు, గుర్తుంది, మీరు ఇంటికొచ్చి చెబుతుంటే వింటూ న్షిమా తిప్పుతూనే ఉన్నాను, అన్నాను, చెప్పాల్సింది, అన్నారు, ఔను, చెప్పాల్సింది, అన్నాను, ఆయన మొహం చూడలేక రబ్బరు పొట్టు ఊడుస్తున్నాను, ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇంతకీ ఏం లెక్క అది, అన్నారు.

ఏం లెక్క, ఎవరూ అడగలేదు, ఎందుకొచ్చేశావన్నారు, ఇప్పుడేం చేస్తావన్నారు, లెక్కేమిటని ఒక్కరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు, గుర్తుందా అంటే ఉంది, ప్రతి అక్షరం, పుస్తకం అట్ట వెనక రాశాను, ఒకటి, రెండు, మూడు, నాలుగో వరుస దగ్గర పెన్ను అచ్చంగా అప్పటిలాగే ఆగిపోయింది, ఆయన తొంగి చూసి, నాకేం అర్థం కాలేదు గానీ, పైనుంచి చూసుకుంటూ రా, మేము తెగిన తీగ అలాగే వెతుకుతాం, అన్నారు, మొదటి వరుస బాగానే ఉంది, రెండో దాంట్లో బ్రాకెట్ విప్పినచోట ఒక మైనస్ జారిపోయింది, అంతే, వేశాను, నాలుగో వరుస కదిలింది, ఐదు, ఆరు, జవాబు, అప్పుడే కరెంటు పోయి తెర ఆరిపోయింది, ఇద్దరం తల ఎత్తలేదు, అట్ట మీదికి వంగి ఆ మైనస్‌నే చూస్తున్నాం, వాళ్ళు నవ్విన మాట నిజం, నేను ఆగిన మాటా నిజం, కానీ ఇన్నేళ్ళూ నాకు ఆ చదువు అందదనుకున్నాను, అది అబద్ధం, రెండో వరుస దాకా వెనక్కి వెళ్ళి చూడలేదు, అంతే.