మడవ మీద పిల్ల

మా మరిది జనార్దన్‌కు ఒక పాడు అలవాటు. వరిలో గుళికల మందు చల్లిన మర్నాడే సాగర్ కాలువ నీళ్ల వంతు వచ్చిందంటే, గట్టుకున్న మడవ తెంచి పాత నీళ్లన్నీ కిందికి వదిలేసేవాడు. వంతుకొచ్చిన కొత్త నీళ్లు వదులుకుంటే ప్రాణం పోయినట్టే ఆయనకు. ఆ మందు నీళ్లు పోయేది వాగులోకి. వాగు ఇసుకలో చెలిమె తోడుకుని తాగేది తండావాళ్లు. మా వేములపల్లి వైపు అందరూ చేసే పనే, ఎవరికీ తప్పనిపించలేదు.

తొంభైలో ఆ తండా సుక్కి కూతురు చెలిమె నీళ్లు తాగి నురగలు కక్కింది. మిర్యాలగూడ దవాఖానకు చేరకముందే పోయింది. ఎండదెబ్బ అన్నాడు మా మరిది. నాకు ఒళ్లు మండిపోయింది.

సుక్కి మా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"పటేలా, మందు సల్లినంక నాలుగు దినాలు మడవ తెంపకు. ఇంకో పిలగాడున్నడు నాకు."

"వాగు నీళ్లు తాగుమని నేను జెప్పిన్నా? పో!" అన్నాడు జనార్దన్.

నాట్లు పడేసరికి ఊళ్లో ఒక మాట పుట్టింది. మిట్టమధ్యాహ్నం ఆ పిల్ల మడవ మీద కూర్చుంటోందట. పార తగిలితే "యాడీ" అని తల్లిని పిలుస్తోందట. మా జీతగాడు వీరేశం ఆ పిలుపు విని, పార అక్కడే పారేసి వచ్చి జ్వరంతో పడుకున్నాడు. నేనూ ఒకసారి అటు నడిచాను. గట్టు కింద ఏదో సన్నగా మూలిగింది. నీళ్లో, ఇంకేమిటో, వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు.

చివరికి జనార్దనే పార పట్టుకుని పోయాడు. పాలిపోయిన ముఖంతో తిరిగొచ్చాడు.

"వదినా, సూసిన. ఇగ ఆ మడవ జోలికి పోను."

ఆ పంటకు మందు నీళ్లు పొలంలోనే ఇంకిపోయాయి. వాగులోకి చుక్క దిగలేదు.

కలుపుకు వచ్చిన సుక్కిని ఆగబట్టలేక అడిగాను. "నిజంగ కనవడ్తదా పిల్ల?"

"ఆ మాట పుట్టిచ్చింది నేనే అమ్మా, ఉన్న పిలగాని కోసం. ఇప్పుడు వీరేశం ఇన్నడంట, పటేల్ సూసిండంట. పొద్దుమూకెదాంక మడవకాడ్నే కూసుంటున్న. నాకే ఒక్కపారన్న కనవడ్తలేదు."