మేక రాకముందే

మా దీవుల్లోని హాడో జెట్టీ నుంచి విశాఖ బయలుదేరిన ఓడలో, రెండో రోజు మధ్యాహ్నం బంకు పడకల హాలు టీవీలో ఎవరో పాత సినిమా పెట్టారు. ఇంటర్ పిల్లల అల్లరి సినిమా. మొదటి పాటకే గుర్తుపట్టాను. పెళ్ళికి ముందు చౌల్దారీలో, మా పుట్టింట్లో, ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు.

అత్తవారింటికి వస్తూ దాని సీడీ పెట్టెలో పెట్టుకున్నాను. మావారు జీవరాజు గారు సంఘపెద్ద. నెల తిరగకుండానే, "ఎలీసబెతూ, విశ్వాసుల ఇంట్లో ఇది ఉండకూడదు" అన్నారు. నేనే తీసి చేతికిచ్చాను. సముద్రంలో పారేసి వచ్చానన్నారు. ఇరవై రెండేళ్ళుగా మా ఇంట్లో సినిమా లేదు. మా అమ్మాయి అబిగేలు ఎంత ఏడ్చినా నేనూ ఆయన మాటే చెప్పాను. దేవునికి ఇచ్చినదాన్ని మళ్ళీ ఆశించకూడదు కదా!

ఓడలో టీవీ ఆపమనలేక, ఆయన అటు వీపు పెట్టి బైబిలు తెరిచారు. ఈ సినిమా వచ్చిన చాలా ఏళ్ళకు పుట్టిన పిల్లలు, తెలుగు కూడబలుక్కుని చదివేవాళ్ళు, ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. అబిగేలు మా పక్కనే కూర్చుని బెదురుగా చూస్తోంది.

తెర మీద ప్రిన్సిపాల్ గర్జిస్తున్నాడు. "ఈ కుర్చీ విలువ తెలుసా మీకు?" ఇప్పుడతను వెనక్కి తిరుగుతాడు. కుర్చీలో మేక ఉంటుంది. ఇంకా తిరగలేదు. హాలంతా నిశ్శబ్దం.

మావారు కిసుక్కున నవ్వారు.

"క్యా హువా నాన్నా? ఇంకా ఏటీ అవ్వలేదు కదా!" అంది అబిగేలు.

అంతలో మేక కనబడింది. హాలు ఘొల్లుమంది.

"ఏదో గుర్తొచ్చిందమ్మా" అన్నారాయన. పిల్ల మెల్లగా ముందు బల్ల మీదికి జరిగిపోయింది.

"మేక సంగతి మీకెలా తెలుసండీ?"

ఆయన బైబిలు మూశారు. "పారేద్దామనే వెళ్ళాను. మనసొప్పలేదు. షాదీపూర్లో మన సంఘం ప్రసన్న కుమార్ ఇంట్లో ఉంది."

"మరి చూసిందెప్పుడు?"

"ఏడాదికి ఒకటి రెండుసార్లు. అక్కడికి ఉపవాస ప్రార్థనకి వెళ్ళినప్పుడు. ప్రార్థన అయ్యాకే లే!"

ఆ ఉపవాసం రోజుల్లో ఆయన తిరిగొచ్చేదాకా ఇంట్లో నేను మంచినీళ్ళు కూడా ముట్టేదాన్ని కాదు.

"చూసినందుకు కాదండీ. ఒక్కసారైనా నన్ను ఎందుకు పిలవలేదు?"

"నీకు వద్దని చెప్పినవాణ్ణి. ఏ మొహంతో పిలవను?"

ఆ మేక వల్ల ఎవరి విశ్వాసమూ చెడినట్టు నాకు తోచలేదు. కానీ దేవునికని నేనిచ్చినది ఇన్నేళ్ళూ దేవుని దగ్గర లేదు.

లేచి వెళ్ళి అబిగేలు పక్కన కూర్చున్నాను.

"అమ్మా, నువ్వా?"

"జరుగు."

"తర్వాత ఏటవుద్దో తెలుసా నీకు?"

"తెలుసు. చెప్పను, చూడు."

తర్వాత వచ్చేది అన్నిటికంటే పెద్ద నవ్వు. వచ్చింది. పిల్లలు బల్లలు చరిచారు. నాకు నవ్వు రాలేదు. వెనక నుంచి ఆయన నవ్వు వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గాను. చప్పుడు లేదు. నా ఎదుట ఆపుకోవడం ఆయనకు బాగా అలవాటే.