గరిటె చెట్లు

పచ్చి చెక్క వాసన.

తెల్లవారగానే ఆ వీధిని పలకరించేది అదే. కొంచెం తీపి, కొంచెం వగరు. వాసన వెనకే చప్పుడు. బాడిశ దెబ్బ... మళ్లీ బాడిశ దెబ్బ... ఆ తర్వాత ఆకురాయి గరగర. ప్రతి అరుగు మీదా ఒక మనిషి, ఆ మనిషి కాళ్ల మధ్య ఒక కొయ్య, ఆ కొయ్యలోంచి మెల్లగా బయటికి వస్తున్న గరిటె.

ఉదయగిరి కొండ కింద, పాతకోట నీడ పడే వీధి అది. వజీరున్నీసా అక్కడే పుట్టింది. ఆ చప్పుడు వింటూనే పెరిగింది.

తండ్రి మదార్ సాహెబ్‌ను అబ్బా అని పిలిచేది. ఆయన గరిటెలు బస్సెక్కి నెల్లూరు పోయేవి. నునుపుగా, తేలిగ్గా, అన్నం మెతుకు అంటకుండా. ఆయన పని చేసేది బిక్కి కొయ్యతో.

"బిక్కి మంచి బుద్ధి గల కొయ్యమ్మా," అనేవాడు. "ఉడుకు కూరలో పెట్టినా వంగదు. ఎండినా పగలదు."

మంచి బుద్ధి గల కొయ్య. కానీ దూరమైపోతున్న కొయ్య.

ఆమె పలక పట్టిన రోజుల్లో అబ్బా చీకటితో కొండెక్కి అన్నం వేళకు దిగేవాడు. ఆమె హైస్కూలుకు వచ్చేసరికి దీపాలు పెట్టే వేళకు దిగుతున్నాడు. కాలేజీలో చేరే నాటికి... మర్నాడు.

కొండ కదల్లేదు.

చెట్టే కదిలిపోయింది. వెనక్కి, వెనక్కి, ఇంకా వెనక్కి.

*

అది డెబ్భై ఆరో సంవత్సరం. ఆ వీధి నుంచి కాలేజీ మెట్టెక్కిన మొదటి ఆడపిల్ల వజీరున్నీసా.

కాలేజీ ఊరి చివర ఉంది. నాలుగు గదులు, రేకుల వరండా, చుట్టూ గులకరాళ్ల నేల. నిలబడదామంటే నీడ లేదు. కాకి వాలదామన్నా కొమ్మ లేదు.

చెట్ల పాఠం చెప్పే రాజమోహన్ సారు కావలి వైపు మనిషి. మొదటివారమే పిల్లల్ని బయటికి పిలిచాడు. పుస్తకాలు లోపలే పెట్టి రమ్మన్నాడు. మగపిల్లలకు గునపాలు ఇచ్చాడు. ఆడపిల్లలు పక్కన నిలబడ్డారు. ఆయన ఇంకో గునపం తీసి వజీరున్నీసా చేతిలో పెట్టాడు.

"నువ్వూ తవ్వమ్మా."

అంతవరకు ఆమె చేతికి ఎవరూ గునపం ఇవ్వలేదు. చీపురు ఇచ్చారు. బిందె ఇచ్చారు. కలం ఇచ్చారు.

ఎత్తింది. వేసింది. రాయి తగిలి చెయ్యి జల్లుమంది. మళ్లీ ఎత్తింది. సాయంత్రానికి అరచేతులు బొబ్బలెక్కాయి. ఆమె తవ్విన గుంత మోకాటి లోతు దిగింది. ఇంటికి పోతూ పోతూ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. నేలలో తన పేరు రాసినట్టు ఉంది ఆ గుంత.

ఆత్మకూరు నర్సరీ నుంచి లారీలో జామాయిల్ మొక్కలు వచ్చాయి. నాటారు. నీళ్లు పోశారు. కంప కొట్టి చుట్టూ నాటారు. ఆ పిల్లలకు ఊళ్లో చెట్ల సంఘమని పేరొచ్చింది.

ఒక ఆదివారం సంఘం కొండవైపు చూసింది.

కొండ బోడిగా ఉంది. నరికిన మోళ్లు తప్ప ఏమీ లేదు. కింద మొక్కలు నాటుతూ పైన నరుకుతుంటే చూస్తూ ఊరుకోవడమా? పోదాం. అడ్డం నిలబడదాం. ఎవరినీ ఏమీ అనొద్దు, ఊరికే నిలబడదాం.

వజీరున్నీసా కూడా పోయింది. పోయి నిలబడింది.

ఎవరికి అడ్డం నిలబడుతుందో ఆమెకు తెలుసు. తెలిసే నిలబడింది. తెలియనట్టు... ఉండాలనుకుంది.

*

కాలిబాట మలుపులో ముందు దగ్గు వినిపించింది. ఆ దగ్గు ఆమెకు తెలుసు.

మదార్ సాహెబ్ వచ్చాడు. నెత్తిన బిక్కి కొయ్యల మోపు. చెమటకు తడిసిన చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. దారికి అడ్డంగా పిల్లలు. పిల్లల మధ్య తన కూతురు.

ఆయన ఆగాడు.

"పెద్దాయనా," అన్నాడు రాజమోహన్ సారు, మర్యాదగానే. "ఇట్లా నరుక్కుంటూ పోతే రేపు మీకే ఏమీ మిగలదు కదా."

మదార్ సాహెబ్ సారు వైపు చూడలేదు.

"నువ్వు చెప్పు బేటీ. ఆపమంటే ఆపతా."

ఆమె ఆపమనలేకపోయింది. పొమ్మనీ అనలేకపోయింది.

ఆయన మోపు దించాడు. కూతురి కాళ్ల ముందు పెట్టాడు.

"పట్టుకో. కొండ నీదంట కదా."

ఉత్త చేతులతో కిందికి దిగిపోయాడు. వెనక్కి చూడలేదు.

గెలిచినట్టు ఎవరికీ అనిపించలేదు. ఒక్కొక్కరే తల వంచుకుని దిగిపోయారు. అందరి వెనకా రాజమోహన్ సారు దిగాడు.

ఆమె, మోపు మిగిలారు.

పచ్చికొయ్య. ఈ ఎండకు వదిలేస్తే బిగిసిపోతుంది. బాడిశకు లొంగదు. అబ్బా రెండు రోజుల నడక అంతా వంటచెరుకైపోతుంది.

వంగింది. ఎత్తుకుంది. ఓణీ చెంగును చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుంది. కొండ దిగింది. బస్టాండు ముందు నుంచి, టీ అంగళ్ల ముందు నుంచి, కాలేజీలో చదివే పిల్ల కట్టెలమోపు మోసుకుంటూ బజారు నడిమధ్యన నడిచింది. చూసేవాళ్లు చూశారు. ఆమె ఎవరినీ చూడలేదు.

మోపు అరుగు మీద దించింది. మదార్ సాహెబ్ గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

తల్లి జైతూన్‌బీ కూతురికి మంచినీళ్లు ఇచ్చింది. తాగేదాకా ఆగింది.

"నువ్వు తప్పు చేసినావని నేననను," అంది. "కొండ ఉండాల. నిజమే. పొయ్యి కూడా ఉండాల. రేపు దాని మీద ఏం పెట్టాలో మీ సారునే అడుగు."

వజీరున్నీసా ఖాళీ చెంబును పొయ్యి పక్కన బోర్లించింది.

తెల్లారి మెలకువ వచ్చేసరికి వాసన. పచ్చి చెక్క వాసన. టక్కుమని బాడిశ దెబ్బ.

అబ్బా పని మొదలుపెట్టాడు. మాట మాత్రం మొదలుపెట్టలేదు.

*

"అడిగి రమ్మంది మా అమ్మ," అంది వజీరున్నీసా.

వరండాలో సంఘమంతా కూర్చుని ఉంది.

"పొయ్యి మీద ఏం పెట్టాలో అడిగి రమ్మంది సార్. జామాయిల్‌తో గరిటె రాదు. మా వీధి మొత్తం కొండ ఎక్కకుండా ఉండాలంటే ఆ చెట్టు కిందనే ఉండాల. ఇక్కడ. మన గుంతల్లో. మనం నాటదాం బిక్కి."

కొండలయ్య అనే పిల్లవాడు నవ్వాడు. చెడ్డవాడు కాదు, నోరు ఊరుకోదు.

"బిక్కి ఎప్పటికి పెరిగేను? మనకు మనవళ్లు పుట్టాల."

"పుట్టనీ. వాళ్లకు మాత్రం గరిటెలు అక్కర్లేదా?"

వరండా అంతా నవ్వింది. కొండలయ్య కూడా నవ్వాడు. రాజమోహన్ సారు నవ్వలేదు. లేచి నిలబడ్డాడు.

"నిన్న నేను సగమే ఆలోచించాను," అన్నాడు. "కాలేజీలో కొండవైపు ఉన్న నేలంతా బిక్కికే. అందరం కలిసి తవ్వుదాం."

నేల దొరికింది. చేతులు దొరికాయి. గింజలు?

గింజలు ఎక్కడున్నాయో తెలిసిన మనిషి ఆమెతో మాట్లాడటం లేదు.

అడిగింది. పలకలేదు. మర్నాడూ అడిగింది. ఆకురాయి గరగర మాత్రమే వినిపించింది. ఆమె మళ్లీ అడగలేదు. అరుగు కింద పడ్డ చెక్కపేళ్లు ఎప్పటిలాగే ఊడ్చింది. ఎప్పటిలాగే చాయ్ తెచ్చి పక్కన పెట్టింది.

ఒక సాయంత్రం మదార్ సాహెబ్ కొండ దిగి వచ్చి, భుజం మీది తువ్వాలు విప్పి, ఆమె ఒళ్లో కుమ్మరించాడు.

కాయలు. గుండ్రటి బిక్కికాయలు, ముదిరినవి, ఒళ్లు నిండా.

"పిట్టలు తినంగా మిగిలినవి," అన్నాడు. "మొలిస్తే మొలుస్తాయి. నన్ను మాత్రం అడగొద్దు."

ఆమె కాయల్ని ఒళ్లోనే పట్టుకుని ఏడ్చింది. ఆయన చూడనట్టే గొడ్డలి పక్కన పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

*

డాల్డా డబ్బాల్లో మన్ను. మన్నులో గింజ.

ఏమీ రాలేదు. వారాలు గడిచాయి... ఏమీ రాలేదు. జైతూన్‌బీ రోజూ బిస్మిల్లా అని చెంబెడు నీళ్లు చిలకరించేది. ఇరుగుపొరుగు నవ్వేది. డబ్బాలకు వంట చేసి పెడుతున్నావా అని అడిగేది.

ఒక పొద్దున, గోరంత పచ్చన.

పక్క డబ్బాలో ఇంకోటి.

ఆ పక్కన ఇంకోటి.

వానలకు గుంతల్లో పెట్టారు. జామాయిల్ అప్పటికే మనిషెత్తు పెరిగి గాలికి ఊగుతోంది. బిక్కి జానెడు. మరుసటి ఏడు జామాయిల్ రేకుల కప్పు దాటింది. బిక్కి మూరెడు. వచ్చేపోయేవాళ్లు జామాయిల్‌ను చూసి తల ఎత్తేవాళ్లు. బిక్కిని చూడాలంటే తల దించాలి.

వజీరున్నీసా తల దించే నడిచేది. ఒక్కో మొక్క దగ్గరా ఆగేది.

చదువు అయిపోయింది. టీచరు ట్రైనింగు అయింది. ఆత్మకూరులో ఉద్యోగం వచ్చింది. రాజమోహన్ సారుకు బదిలీ వచ్చింది. బస్సెక్కేముందు ఆయన సంఘాన్ని నిలబెట్టి ఒక్క మాటే చెప్పాడు. ఈ చెట్లు కాలేజీవి, కొమ్మలు వీధివి, మొదలు మాత్రం ఎవరిదీ కాదు, దాని మీద గొడ్డలి పడకూడదు.

ఒక జట్టు పోయింది. ఇంకో జట్టు వచ్చింది. పాతవాళ్లు కొత్తవాళ్ల చేతికి గునపం ఇచ్చారు. వజీరున్నీసా శనివారం సాయంత్రం ఆత్మకూరులో బస్సెక్కేది. ఇంటికి పోకముందే కాలేజీకి పోయేది.

ఆపైన ఒక కరువు ఎండాకాలం వచ్చింది.

కాలేజీ బావి అడుగంటింది. పిల్లలు సెలవులకు పోయారు. ఆ శనివారం ఆమె పోయి చూసేసరికి బిక్కి ఆకులు ముడుచుకుని ఉన్నాయి. కొన్ని అప్పటికే ఎండి పుల్లలైపోయాయి. ఇంటికి వచ్చి ఆమె ఏమీ చెప్పలేదు. ముఖం చెప్పింది.

మర్నాడు జైతూన్‌బీ గిన్నెలు కడిగిన నీళ్లు పారబొయ్యలేదు. కుండలో పోసి, కుండ చంకన పెట్టుకుని, కాలేజీ గేటు దాకా నడిచింది. వెనక వజీరున్నీసా. బియ్యం కడిగిన నీళ్లతో పొరుగింటి జాన్‌బీ. అంతే, ముగ్గురు. తర్వాత్తర్వాత పదిమంది. ఆ తర్వాత వీధి. బట్టలు ఉతికిన నీళ్లు, కాళ్లు కడిగిన నీళ్లు, నమాజుకు ముందు వజూ చేసుకున్న నీళ్లు... ఆ వీధిలో ఆ ఎండాకాలం ఒక్క చుక్క వృథాగా నేలపాలు కాలేదు.

వాచ్‌మన్ కామయ్య గేటు దగ్గర అడ్డం వచ్చాడు.

"ఎవురమ్మా మీరంతా? ఏంది ఈ బిందెలు?"

"గరిటె చెట్ల తాలూకు," అంది జైతూన్‌బీ.

కామయ్య గేటు తీశాడు. రెండో రోజు నుంచి అడగలేదు. మూడో రోజు తనూ ఒక బిందె అందుకున్నాడు.

కొన్ని చెట్లు పోయాయి. పోయినవి పోగా మిగిలినవి... నిలిచాయి.

నిలిచాయి. వేళ్లు లోపలికి తన్నుకున్నాయి. ఆ వానాకాలం అయ్యాక ఇక వాటికి ఎవరి కుండా అవసరం పడలేదు.

*

ఎనభై ఆరులో బిక్కి పూసింది.

తెల్లటి పూలు, సాయంత్రానికి పసుపు. పరీక్ష హాల్లోకి వాసన వస్తే పిల్లలు రాయడం ఆపి కిటికీ వైపు చూశారు. కొమ్మలు మణికట్టంత లావెక్కాయి. వీధికి కబురు పోయింది. కొమ్మ కొట్టే పని మదార్ సాహెబ్‌దే అన్నారు అందరూ.

ఆయన అప్పటిదాకా కాలేజీ లోపలికి అడుగు పెట్టలేదు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. గొడ్డలి భుజాన పెట్టుకున్నాడు. వజీరున్నీసా పక్కన నడిచింది. పిల్లలు, వీధి ఆడవాళ్లు, కొత్త ప్రిన్సిపాల్ నారాయణయ్య, అందరూ చెట్ల దగ్గర కాచుకుని ఉన్నారు.

ఆయన గొడ్డలి ఎత్తలేదు.

ఒక్కో చెట్టు దగ్గరికీ పోయాడు. మొదలును అరచేత్తో తడిమాడు. ఆకు తుంచి వాసన చూశాడు. అందరూ ఎదురుచూస్తూనే ఉన్నారు. ఆయనకు తొందరలేదు. ఒక చెట్టు దగ్గర ఆగి, పై కొమ్మల నీడలో పడిపోయిన కొమ్మను చూపించాడు.

"దీన్ని తీసేస్తే దానికే మంచిది."

ఒక్క దెబ్బ. కొమ్మ జారింది. అక్కడే, ఆ చెట్టు కిందే కూర్చుని బాడిశ అందుకున్నాడు. పేళ్లు లేచాయి. పిల్లలు చుట్టూ చేరారు. పొద్దు నడినెత్తికి రాకముందే కొయ్యలోంచి గరిటె బయటికి వచ్చింది. కొండ ఎక్కకుండా, దగ్గకుండా, చేసిన గరిటె. తువ్వాలుతో తుడిచి కూతురి చేతిలో పెట్టాడు.

"బాగుండాది," అన్నాడు. ఆయన తన గరిటెను అట్లా అనడం ఆమె అంతవరకు వినలేదు.

ఎవరో చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. జైతూన్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, ఏడుస్తోంది.

మదార్ సాహెబ్ తల ఎత్తాడు. చెట్ల మీదుగా, గోడ మీదుగా... కొండ. ఇంకా బోడిగా ఉన్న కొండ.

"ఇంతమంది చేతులు ఉండాయి," అన్నాడు. "ఈ కాస్త నేలకేనా?"

*

మరుసటి ఏడు తొలివాన పడిన మర్నాడు వాళ్లు కొండెక్కారు.

చెట్ల సంఘం ఎక్కింది. వీధి ఎక్కింది. బాడిశ పట్టేవాళ్లు గునపాలు పట్టారు. ఆడవాళ్ల నెత్తిన గంపలు, గంపల్లో బిక్కి నారు. ఆత్మకూరు నుంచి వజీరున్నీసా తన బడిపిల్లలను తీసుకొచ్చింది. సన్నటి తుంపర. రాళ్లు జారుతున్నాయి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటున్నారు.

మదార్ సాహెబ్ ముందు నడిచాడు. మోళ్ల మధ్య ఒకచోట ఆగాడు. గునపం వేశాడు. రాయి. పక్కకు జరిగి మళ్లీ వేశాడు. రాయి. వజీరున్నీసా ఆయన చేతుల పక్కన తన చేతులు వేసింది. ఇద్దరూ కలిసి ఎత్తారు.

దిగింది.

"ఇక్కడ మన్ను ఉండాది," అన్నాడాయన, వెనక్కి తిరిగి, అందరికీ వినపడేలా.

ఆ మాట కొండ దిగువకు ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోయింది. మలుపు దాటింది. మలుపు అవతల, తుంపరలో కనపడకుండా, మనుషులు ఇంకా ఎక్కి వస్తూనే ఉన్నారు.